పాలరాతి కాలి పక్కన చెట్టు మొద్దు: పదార్థ ధర్మాలు, కళాయుగాలు

ప్రాచీన శిల్పాలున్న పెద్ద మ్యూజియంలలో ఒక వింత తరచుగా కంటబడుతుంది. కండలు తిరిగిన క్రీడాకారుడు బరువంతా ఒక కాలి మీద మోపి, రెండో కాలు వదులుగా పెట్టి నిలబడి ఉంటాడు. ఆ బరువు మోసే కాలి వెనకే, ఆటతో గానీ కథతో గానీ ఏ సంబంధమూ లేని చెట్టు మొద్దు ఒకటి పిక్కకు అతుక్కుని ఉంటుంది. కొన్ని విగ్రహాల్లో తొడకూ మణికట్టుకూ మధ్య చిన్న రాతి కడ్డీ కూడా కనిపిస్తుంది. ఇవి అలంకారాలు కావు. ఇలాంటి విగ్రహాల్లో చాలావాటికి మూలం గ్రీకులు కంచులో పోసిన బొమ్మ. రోమన్ల కాలంలో వాటికి పాలరాతిలో నకళ్లు చెక్కారు. భంగిమేమో కంచు కోసం ఊహించినది, ఒళ్లేమో రాయి. ఈ రెండూ పొసగని చోట మొద్దు వచ్చి నిలబడింది.

కారణం సూటిగా పదార్థ ధర్మంలోనే ఉంది. పాలరాయి ఎంత బరువునైనా నిలువునా మోస్తుంది కానీ, లాగినా వంచినా తట్టుకోలేదు. పెళుసుగా పగులుతుంది. చీలమండ దగ్గర సన్నబడిన రాయి మీద మొండెం బరువు ఒక పక్కకు ఒరిగి పడితే చీలిక మొదలయ్యేది అక్కడే. కంచు అలా కాదు, కొంత వంగుతుంది, కొంత సాగుతుంది. పైగా లోపల బోలుగా పోయవచ్చు కాబట్టి బరువూ తగ్గుతుంది. 1972లో దక్షిణ ఇటలీలోని రియాచే తీరాన సముద్రం అడుగున దొరికిన ఇద్దరు కంచు యోధులను చూస్తే తేడా తెలుస్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి ఆ విగ్రహాలు చేతులను ఒంటికి దూరంగా ఉంచి, ఏ మొద్దు ఆసరా లేకుండా నిలబడతాయి. రెండు వేల ఏళ్ల తర్వాత, 1504లో మైకెలాంజెలో పూర్తి చేసిన డేవిడ్‌కు కూడా కుడి కాలి వెనక మొద్దు తప్పలేదు. అయిదు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ విగ్రహం చీలమండల్లో సన్నని పగుళ్లు ఉన్నాయి. వాటిని నిపుణులు ఇప్పటికీ కనిపెట్టుకుని ఉంటున్నారు.

కళాచరిత్రను మామూలుగా రాజవంశాలతో, మతాలతో, ఉద్యమాలతో చెబుతారు. రసాయన శాస్త్రం పుస్తకంలో తొలి పాఠాల్లో వచ్చే కాఠిన్యం, సాంద్రత, ద్రవీభవన స్థానం, ద్రావణీయత వంటి మాటలు ఆ చరిత్రలోకి ఎక్కడో అడుగున, పాదసూచికల్లోకి మాత్రమే వస్తాయి. ఇది పెద్ద లోటు. ఒక యుగం కళ ఎలా ఉండాలో పదార్థమే శాసించిందని అనలేం. కానీ ఎంత దూరం వెళ్లవచ్చో గీత గీసింది మాత్రం అదే. కళాకారులు ఆ గీతను ఎక్కడెక్కడ నెట్టుకుంటూ వచ్చారో చూస్తే యుగాల మార్పు మరోలా అర్థమవుతుంది.

గుహలతో మొదలుపెడితే, ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ బొమ్మలు సుమారు 17 వేల ఏళ్ల నాటివి. షోవే గుహలోవి 30 వేల ఏళ్లకు పైబడినవి. వీటిలో కనిపించేవి ఎరుపు, పసుపు, నలుపు, వాటి మధ్య ఛాయలు. ఎరుపు జేగురు, అంటే ఐరన్ ఆక్సైడ్. పసుపు మట్టి కూడా ఇనుము సంగతే, కాకపోతే అందులో నీటి అంశం కలిసి ఉంటుంది. నలుపు బొగ్గు, లేదా మాంగనీస్ ఆక్సైడ్. జేగురులోని ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయింది. తుప్పుకు మళ్లీ తుప్పు పట్టదు కదా! గాలి, వెలుతురు దాన్ని ఏమీ చేయలేవు, నీటిలోనూ కరగదు. అందుకే వేల ఏళ్లు గోడను అంటిపెట్టుకుని ఉంది. ఆకుల పసరుతోనో పూల రసంతోనో ఎవరైనా బొమ్మలు వేసి ఉంటే అవి మనదాకా వచ్చే అవకాశమే లేదు. ఆది మానవుడి వర్ణాలుగా మనం చెప్పుకుంటున్నవి నిజానికి మిగిలిన వర్ణాలు.

పసుపు మట్టిని నిప్పుల్లో కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. రంగు, కాఠిన్యం వంటి భౌతిక ధర్మాలను చూసి రాయిని ఎంచుకోవడం ఒక మెట్టు. కాల్చి దాన్ని వేరే పదార్థంగా మార్చడం ఇంకో మెట్టు, అది రసాయన ధర్మాన్ని వాడుకోవడం. చరిత్రపూర్వ మానవులు ఈ రెండో మెట్టు కూడా ఎక్కారు. బొమ్మల వయసు కట్టడంలోనూ పదార్థానిదే నిర్ణయం. బొగ్గుతో గీసిన గీతలో కార్బన్ ఉంటుంది కాబట్టి, సుమారు 5,730 ఏళ్ల అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) గల కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచి కాలం చెప్పగలరు. జేగురులో కార్బన్ లేదు. పక్కపక్కనే ఉన్న రెండు జంతువుల్లో నల్లదాని వయసు చెప్పగలిగి ఎర్రదాని వయసు నేరుగా చెప్పలేకపోవడానికి కారణం ఇదే. లాస్కో గుహ 1940లో బయటపడింది, 1948లో సందర్శకులకు తెరిచారు, 1963లో మూసేశారు. జనం ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ గోడలను పాడు చేశాయి, పాచి కూడా పట్టింది. వేల ఏళ్లు నిలిచిన బొమ్మలు పదిహేనేళ్ల జనసందోహానికే చిక్కుల్లో పడ్డాయి.

లోహాలు వచ్చాక కథ వేడి చుట్టూ తిరిగింది. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పదో వంతు తగరం కలిపితే ఆ కంచు ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది. అచ్చులో మూలమూలలకూ పారుతుంది, చల్లారాక రాగి కన్నా గట్టిగా ఉంటుంది. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పొదిగి, కాల్చి, మైనం కారిపోగా మిగిలిన ఖాళీలో లోహం పోసే పద్ధతిలోనే మొహెంజొదారో నర్తకి పుట్టింది. నాలుగున్నర వేల ఏళ్ల నాటి ఆ బొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లే. నడుము మీద చెయ్యి, చేతికీ నడుముకూ మధ్య ఖాళీ, ఒక పక్కకు తిరిగిన మోకాలు. అంత సన్నని చేతిని అంత చిన్న కొలతలో రాతిలో నిలబెట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అయితే తేలిగ్గా కరగడమే కంచుకు శాపం కూడా అయింది. గ్రీకులు పోసిన వేలాది కంచు విగ్రహాలను తర్వాతి తరాలు కరిగించి ఆయుధాలు, నాణేలు, పాత్రలు చేసుకున్నాయి. మిగిలిన కొద్దిలో చాలా భాగం సముద్రంలో మునిగి మనిషి చేతికి అందకుండా పోయినవే. కరిగించడానికి పనికిరాని పాలరాయి మాత్రం దండిగా మిగిలింది. గ్రీకు శిల్పం అనగానే తెల్లని రాయి మన కళ్లలో మెదలడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ రాయి మీద ఒకప్పుడు రంగులు ఉండేవి, వాటిలో చాలావరకు రాలిపోయాయి.

ఇటలీ గోడల దగ్గరికి వస్తే అక్కడ అసలు పని చేసింది సున్నం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే సలసల కాగి తడిసున్నం అవుతుంది. దాన్ని ఇసుకతో కలిపి గోడకు పూస్తే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తీసుకుని తిరిగి రాయిగా మారుతుంది. తడి ఆరకముందే నీటిలో కలిపిన రంగు వేస్తే, ఆ రంగు రేణువులు కొత్తగా ఏర్పడే సున్నపు స్ఫటికాల మధ్య చిక్కుకుపోతాయి. జిగురు అక్కర్లేదు, గోడే జిగురు. ఫ్రెస్కో అంటే ఇంతే. కానీ ఈ రసాయన చర్య చిత్రకారుడి కోసం ఆగదు. పూత పచ్చిగా ఉండే కొద్ది గంటల్లోనే పని ముగించాలి. అందుకే ఇటాలియన్లు గోడను రోజు పనిగా విడగొట్టి, ఏ పూటకు ఎంత వేయగలరో అంతకే తడి పూత పూసేవారు. ఆ అతుకుల గీతలు పరిశీలించి పండితులు ఒక్కొక్క ముఖానికి ఎన్ని రోజులు పట్టిందో ఇప్పుడు లెక్క చెప్పగలుగుతున్నారు. ఫ్రెస్కోల్లోని ఆ విశాలమైన, తడబాటు లేని ఆకారాలు చిత్రకారుల స్వభావం నుంచి ఎంత వచ్చాయో సున్నం పెట్టిన తొందర నుంచీ అంత వచ్చాయి.

సున్నం క్షారం కాబట్టి అన్ని రంగులూ అందులో బతకవు. మట్టి రంగులు బతుకుతాయి. రాగి నుంచి వచ్చే అజురైట్ నీలం తడి సున్నంతో సరిగా కుదరదు, గోడ ఆరాక జిగురుతో అంటించాలి. పాదువా పట్టణంలో జొట్టో 1305 ప్రాంతంలో వేసిన గోడల మీద మేరీ మాత నీలి వస్త్రం కొన్ని చోట్ల రాలిపోయి కింది పొర బయటపడడానికి ఇదే కారణం. ముఖం నిలిచింది, చీలమండల దాకా జారిన మడతలు నిలిచాయి, వాటి మీది నీలం పోయింది.

సున్నం తొందరను భరించలేనివాడు లియొనార్దో. ఒక గీత గీసి గంటల తరబడి ఆలోచించే మనిషికి పచ్చిగోడ పనికిరాదు. మిలాన్‌లోని మఠం భోజనశాలలో ‘చివరి విందు’ను అతను 1495 ప్రాంతం నుంచి 1498 వరకు ఆరిన గోడ మీద, గుడ్డు, నూనె కలిసిన రంగులతో వేశాడు. రంగు గోడలో భాగం కాలేదు, గోడ మీద పొరగా కూర్చుంది. గోడలోని చెమ్మ ఆ పొరను వెనక నుంచి నెట్టింది. అతను బతికుండగానే రంగు పెచ్చులు లేవడం మొదలైంది. 1978లో మొదలుపెట్టిన తాజా మరమ్మతు 1999 దాకా సాగింది. పదార్థం చెప్పే మాట వినకపోతే ఎంతటి ప్రతిభకైనా ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ దొరకదు.

ఇక నూనె. ఐరోపా చిత్రకళను రెండుగా చీల్చిన పదార్థం ఇదే కాబట్టి కొంచెం నిదానించాలి.

అంతకు ముందు చెక్క పలకల మీద బొమ్మలకు వాడింది గుడ్డు పచ్చసొన. నీటిలో పలచన చేసిన సొనలో రంగుపొడి కలిపి సన్నని కుంచెతో వేస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. పక్క రంగుతో కలిపి రుద్దడానికి వ్యవధి ఉండదు. చెంప మీద వెలుగు నీడగా మారాలంటే వెంట్రుక లాంటి గీతలు పక్కపక్కన వందలుగా గీయాలి. 14వ శతాబ్దపు ఇటలీ పలకలను దగ్గర నుంచి చూస్తే ముఖాల మీద ఆ గీతలు నేసిన బట్టలా కనిపిస్తాయి.

అవిసె నూనె ఆరే తీరే వేరు. నీరు ఆరడమంటే ఆవిరైపోవడం. నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఆరేటప్పుడు మొదట్లో దాని బరువు తగ్గదు, పెరుగుతుంది. ఆలివ్ నూనెకు ఈ గుణం లేదు, అది ఏళ్లు గడిచినా జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె పైకి ఆరడానికి రోజులు పడుతుంది, లోపల పూర్తిగా గట్టిపడడానికి దశాబ్దాలు. చిత్రకారుడికి దొరికిన వరం ఆ రోజుల వ్యవధే. ఒక రంగును మరో రంగులోకి అంచు తెలియకుండా జార్చవచ్చు, దిద్దవచ్చు, తుడిచి మళ్లీ వేయవచ్చు.

రెండో వరం కాంతికి సంబంధించినది. తడిసిన బట్ట పొడిబట్ట కన్నా ముదురుగా ఎందుకు కనిపిస్తుంది? పొడిబట్టలో నూలుకూ గాలికీ వక్రీభవన గుణకంలో, అంటే వెలుతురును ఎంత వంచుతాయో చెప్పే అంకెలో, తేడా ఎక్కువ, కాబట్టి ప్రతి పోగు దగ్గరా వెలుతురు చెదిరి తెల్లగా తిరిగి వస్తుంది. గాలి స్థానంలోకి నీరు వస్తే తేడా తగ్గుతుంది, వెలుతురు లోపలికి పోతుంది. గాలి గుణకం 1, నీటిది 1.33, అవిసె నూనెది సుమారు 1.48. సుద్ద గుణకం సుమారు 1.6. అందువల్ల నూనెలో కలిపిన సుద్ద తెల్లదనం పోగొట్టుకుని మసక అద్దంలా అవుతుంది. సీసం నుంచి చేసే సఫేదాది సుమారు 2, అది నూనెలోనూ తెల్లగా నిలబడుతుంది. అంటే నూనె చిత్రకారుడి చేతిలో ఒకే కుంచెతో రెండు రకాల పొరలు సాధ్యమయ్యాయి. అడుగున వెలుతురును వెనక్కి కొట్టే తెల్లని పొర, దాని మీద వెలుతురును లోపలికి రానిచ్చే రంగు అద్దం లాంటి పొర. వెలుతురు పైపొర దాటి, అడుగు తాకి, రంగు పూసుకుని తిరిగి వస్తుంది.

యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫినీ దంపతుల చిత్రంలో పైన వేలాడే ఇత్తడి దీపపు గుత్తిని చూడండి. ప్రతి కొమ్మ మీదా కిటికీ వెలుతురు ఒక చుక్కగా, ఆ చుక్క పక్కన లోహపు నీడ, నీడలో మళ్లీ మరో కొమ్మ నుంచి వచ్చిన మెరుపు. గుడ్డుతో ఈ మెరుపు తేవడం అసాధ్యం అనదగినంత కష్టం. నూనె రంగును వాన్ ఐకే కనిపెట్టాడని 16వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి అన్న మాట చాలాకాలం చెలామణి అయింది. అది తప్పు. అఫ్ఘానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో 7వ శతాబ్దపు బౌద్ధ చిత్రాల్లోనే ఆరే నూనెలు వాడినట్లు 2008లో పరీక్షల్లో తేలింది. వాన్ ఐక్ కనిపెట్టింది నూనెను కాదు, నూనెలో వెలుతురు ఎలా నడుస్తుందో దాన్ని. నా దృష్టిలో ఇదే పెద్ద ఘనత.

అయితే నూనె నిశ్చలంగా ఉండే పదార్థం కాదు. అందులోని కొవ్వు ఆమ్లాలు సఫేదాలోని సీసంతో శతాబ్దాల పాటు మెల్లగా కలిసి సబ్బు తయారు చేస్తాయి. ఆ సబ్బు గడ్డకట్టి పైకి పొడుచుకు వస్తుంది. రెంబ్రాంట్ 1632లో వేసిన డాక్టర్ టుల్ప్ శవపరీక్ష పాఠం చిత్రంలో ఇలాంటి సూక్ష్మమైన సీసపు సబ్బు గడ్డలు కనిపించాయి. వర్మీర్ ముత్యపు పోగు అమ్మాయి వెనక ఇప్పుడు కనిపించే చీకటి ఒకప్పుడు చీకటి కాదు, ఆకుపచ్చని తెర. నీలిమందు, పసుపు మొక్క రంగు కలిపి వేసిన ఆ పలుచని పొర వెలుతురుకు వెలిసిపోయింది. 2018లో చేసిన పరీక్షల్లో మడతల జాడ మళ్లీ దొరికింది. ఆమె తలపాగా నీలం మాత్రం ఇంకా గట్టిగానే ఉంది, ఎందుకంటే అది అఫ్ఘానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల్లో దొరికే లాజవర్దం అనే నీలి రాయి నుంచి తీసింది.

ఆ రాయి దొరికేది దూరదేశంలో, వెలికితీయడం కష్టం. నీలం ఎంత వాడాలో ఒప్పందాల్లో రాసుకునేవారు. 1824లో ఫ్రాన్స్‌లో ఒక పారిశ్రామిక ప్రోత్సాహక సంఘం కృత్రిమ లాజవర్దం చేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో గిమే అనే రసాయనవేత్త దాన్ని గెలుచుకున్నాడు. అంతకు శతాబ్దం ముందే బెర్లిన్‌లో ఎరుపు చేయబోయి అనుకోకుండా చేసిన ప్రష్యన్ నీలం 1831 ప్రాంతంలో జపాన్‌లో హొకుసాయ్ పెద్ద అల అచ్చుచిత్రానికి రంగునిచ్చింది. 1797లో ఫ్రెంచి రసాయనవేత్త వాక్లాన్ క్రోమియం అనే లోహాన్ని కనుక్కోవడంతో క్రోమ్ పసుపుకు దారి పడింది. కోబాల్ట్, కాడ్మియం వరుసగా వచ్చాయి. 1841లో జాన్ గాఫ్ రాండ్ తగరపు గొట్టంలో రంగు నింపి మూత బిగించే ఉపాయం కనిపెట్టాడు. అప్పటిదాకా రంగును పంది మూత్రాశయపు సంచుల్లో దాచేవారు. ఒకసారి గుచ్చితే మళ్లీ మూయడం కుదరదు, గాలి తగిలి నూనె గట్టిపడుతుంది. మెత్తగా నొక్కుకునే, రంగుతో చర్య జరపని తగరం ఆ చిక్కు విప్పింది. చిత్రకారుడు గదిలోంచి బయటపడ్డాడు. మొనే 1870లో త్రూవిల్ సముద్రతీరంలో వేసిన చిత్రంలో రంగు పొరల మధ్య నిజమైన ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. గాలికి ఎగిరి వచ్చి తడి రంగుకు అంటుకున్న ఇసుక అది. ఆరుబయట మారే వెలుతురును అప్పటికప్పుడు పట్టుకోవాలనుకున్న ఇంప్రెషనిజం అంటే ఏమిటో నాలుగు పేజీల నిర్వచనం కన్నా ఆ ఇసుక బాగా చెబుతుంది.

కొత్త రంగులు కొత్త ప్రమాదాలనూ తెచ్చాయి. వాన్ గో పొద్దుతిరుగుడు పూలకు వాడిన క్రోమ్ పసుపు కొన్ని రకాల్లో వెలుతురు తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. క్రోమియం ఎలక్ట్రాన్లు తీసుకుని మరో రూపంలోకి మారడమే కారణమని 2011లో ఎక్స్-కిరణాల సాయంతో నిరూపించారు. అతని పడకగది గోడలు లేత ఊదారంగువని ఉత్తరాల్లో రాసుకున్నాడు, చిత్రంలో ఇప్పుడు నీలంగా ఉన్నాయి. ఊదాలోని ఎరుపు వెలిసిపోయింది, నీలం మిగిలింది. అక్కడి ప్రశాంతతను గురించి ఎన్ని వ్యాఖ్యానాలు ఈ నీలం మీద కట్టుకున్నారో!

పదార్థం అబద్ధం చెప్పదన్న నమ్మకంతో నకిలీలను పట్టుకోవడమూ ఇందులో భాగమే. పాత నూనె రంగు ఆల్కహాల్‌కు లొంగదు, కొత్తది మెత్తబడుతుంది. ఈ పరీక్షను దాటడానికి హాన్ వాన్ మీగెరెన్ అనే నకిలీ చిత్రాల చిత్రకారుడు నూనెకు బదులు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ కలిపి, చిత్రాన్ని పొయ్యిలో కాల్చి గట్టిపరిచాడు. 1937లో అది వర్మీర్ చిత్రంగా చెల్లిపోయింది. యుద్ధం తర్వాత అతనే నిజం ఒప్పుకున్నాడు. 17వ శతాబ్దంలో లేని రెసిన్ ప్రయోగశాలలో బయటపడింది, 1947లో శిక్ష పడింది. 1914 నాటిదని చెప్పి 2006లో వేలంలో అమ్ముడైన ఒక చిత్రం గుట్టు రట్టు చేసింది టైటానియం తెలుపు. అప్పటికింకా చిత్రకారుల చేతికి రాని రంగు అది. దాన్ని వేసిన నకిలీ చిత్రకారుడు బెల్ట్రాకీ జింక్ తెలుపు అనుకుని కొన్న గొట్టంలోనే అది కలిసి ఉంది.

20వ శతాబ్దం మధ్యలో అక్రిలిక్ వచ్చింది. నీటిలో తేలే ప్లాస్టిక్ రేణువులు నీరు పోగానే ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. మళ్లీ నిమిషాల్లో ఆరే రంగు, మళ్లీ అంచులు కచ్చితంగా నిలిచే బొమ్మ. ఒక విధంగా గుడ్డు రోజులు తిరిగి వచ్చాయి. కానీ ఆ తరం చిత్రకారుల్లో కొందరు దొరికిన రంగునల్లా వాడారు. మార్క్ రోత్కో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం వేసి 1964లో భోజనశాలలో పెట్టించిన చిత్రాల్లో లిథాల్ రెడ్ అనే ఎరుపు ఉంది. ఆ గదికి పెద్ద కిటికీలు ఉన్నాయి. ముదురు ఎరుపు వెలిసి వెలిసి కొన్ని చోట్ల లేత నీలం దాకా పోయింది. 1979లో వాటిని తీసి చీకట్లో పెట్టారు. పైన రంగు పూసి బాగుచేయడం కుదరదు, పూత పడితే తుడవలేనంత గరుకైన, వార్నిష్ లేని ఉపరితలం అది. చివరికి 1964లో తీసిన ఫోటోలు వెతికారు. ఆ ఫిల్ములోని రంగులూ వెలిసిపోయాయి. వాటిని ముందు కంప్యూటర్‌లో సరిచేసి, అసలు రంగుకూ ఇప్పటి రంగుకూ మధ్య తేడాను చుక్క చుక్కకూ లెక్కగట్టి, ఆ తేడా మేరకు రంగు వెలుతురును ప్రొజెక్టర్‌తో చిత్రం మీద వేశారు. 2014 ప్రదర్శనలో చూసినవారికి పాత ముదురు ఎరుపు మళ్లీ కనిపించింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ప్రొజెక్టర్ ఆపేసేవారు. జనం ఆ సమయానికి ప్రత్యేకంగా వచ్చి, ఎరుపు ఒక్కసారిగా గోడ మీంచి తొలగిపోయి వెలిసిన గుడ్డ బయటపడడాన్ని చూసేవారు.